సంతకం పెట్టే ముందు

సికింద్రాబాద్,
16 డిసెంబర్ 2025

చిరంజీవి అమ్ములుకి,

మీ అమ్మ మోకాలు ఈ చలికి కాస్త పట్టేస్తోంది గానీ, భయపడాల్సింది ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి, కంది పొడి కట్టి పెట్టింది. పక్కింటి వాళ్లబ్బాయి వచ్చే నెల మాంచెస్టర్ వస్తున్నాడు, అతని చేత పంపిస్తాం. నువ్వు పంపిన ఫొటో చూశాను. అంత చలిలో నెత్తిన టోపీ లేకుండా, చెవులు ఎర్రగా కందిపోయి, గిగ్ లేన్ స్టేడియం గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నావు. నీకు బుద్ధుందా తల్లీ? చిన్నప్పుడు చెవిపోటు వచ్చిన రాత్రి తెల్లవార్లూ నా భుజం మీదే పడుకున్నావు, మర్చిపోయావేమో. సరేలే, మొహం కళకళలాడుతోంది. అది చాలు నాకు.

మొన్న శనివారం మెస్సీ మన ఊరొచ్చాడు. ఉప్పల్ స్టేడియం నిండిపోయింది. ముఖ్యమంత్రి కూడా మైదానంలోకి దిగి బంతి తన్నారు. మన పై అంతస్తు పిల్లాడు, ఎనిమిదో తరగతి వాడు, వాళ్ల నాన్నతో వెళ్లి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. ఆదివారం పొద్దున్నే నా దగ్గరికొచ్చి కూర్చుని, "తాతయ్యా, మన హైదరాబాద్ టీము మ్యాచులు మళ్లీ ఎప్పుడు?" అని అడిగాడు. "మన టీము ఢిల్లీ వెళ్లిపోయిందిరా" అన్నాను. "ఆడటానికా?" అన్నాడు. "ఉండటానికి" అన్నాను. వాడు కాసేపు నా మొహం చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. "ఫుట్‌బాల్ క్లబ్బులో డబ్బు పెట్టేది ఓనరు, నష్టపోయేది ఓనరు. మధ్యలో ప్రభుత్వానికి ఏం పని మామయ్యా? మన దగ్గర ప్రభుత్వం వేలు పెట్టినవన్నీ ఏమయ్యాయో చిన్నప్పటి నుంచీ నువ్వే కదా చెప్పావు" అని రాశావు. దాని మీదే నీ థీసిస్ అన్నావు. ఆ పైన ఉద్యోగం సంగతి. క్లబ్బులు కొనాలనుకునే డబ్బున్నవాళ్లకు సలహాలిచ్చే కంపెనీ నిన్ను రమ్మంటోందని, ఇంగ్లండులో వచ్చిన కొత్త చట్టం వాళ్లకు పెద్ద తలనొప్పి అయిందని రాశావు. ఉద్యోగం మాటకి సంతోషించాను. మిగతా మాటకి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

నష్టపోయేది ఓనరా? ఈ మాట ఇంకే ఊళ్లో కూర్చుని రాసినా ఊరుకునేవాణ్ణి. నువ్వు ఉంటున్నది బరీలో!

నీకు తెలిసిందే నీకు చెప్తున్నానని విసుక్కోకు. బరీ ఫుట్‌బాల్ క్లబ్బు 1885లో పుట్టింది. 1903లో ఎఫ్ఏ కప్ ఫైనల్లో డర్బీ కౌంటీని 6-0తో ఓడించింది. అంత తేడాతో ఫైనల్ గెలవడం మళ్లీ ఎవరివల్లా కాలేదు, 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ గెలిచేదాకా. అదే ఏడాది ఆగస్టు 27 రాత్రి బరీని లీగు నుంచి వెళ్లగొట్టారు. ఆ రెండు ఊళ్ల మధ్య నువ్వు రోజూ ట్రామెక్కి వెళ్లే దూరమే కదా అమ్ములూ. ఒకచోట కప్పు పట్టుకుని ఊరేగారు, ఇంకోచోట గేటుకి తాళం పడింది.

ఎందుకు పడింది? ముందున్న ఓనరు స్టేడియాన్ని తాకట్టు పెట్టాడు. 2018 డిసెంబర్లో క్లబ్బు ఒక్క పౌండుకి చేతులు మారింది. కొన్నాయన ఆ తర్వాత రేడియోలో మాట్లాడుతూ, బరీలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉందని కూడా తనకు తెలియదన్నాడు. నడపడానికి డబ్బెక్కడుందో చూపించమని లీగు వాళ్లు అడుగుతూనే ఉన్నారు, కొన్న తర్వాత! ఆటగాళ్లకు జీతాల్లేవు. అయినా ఆ కుర్రాళ్లు ఆడి ఆ సీజన్‌లో పై డివిజన్‌కి ఎక్కారు. అది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. చివరి రోజు ఏం జరిగిందో మీ ఇంటి యజమానురాలు నీకు చెప్పే ఉంటుంది. శనివారం మ్యాచ్ ఉంటుందని నమ్మి, ఊళ్లో వాళ్లు వందలమంది చీపుళ్లు, బకెట్లు పట్టుకొచ్చి కుర్చీలు తుడిచారు. గడ్డి పీకారు. రాత్రికి కబురొచ్చింది, ఇక క్లబ్బే లేదని.

చీపురు పట్టుకొచ్చిన వాళ్లలో ఓనరు ఎవరో చెప్పు నాకు. 134 ఏళ్లు పోగేసుకున్నది పోయింది వాళ్లకే.

ఇంకో సంగతి. 2022లో అభిమానులు గిగ్ లేన్‌ని తిరిగి కొనుక్కున్నారు కదా. వాళ్లు పోగుచేసిన చందాలతో పాటు, ప్రభుత్వ నిధి నుంచి పది లక్షల పౌండ్లు వచ్చాయి. ఇప్పుడు చిన్న లీగుల్లో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి వస్తున్నారు. నువ్వు నిలబడి నవ్విన ఆ గేటు తెరుచుకోవడంలో సర్కారు డబ్బు కూడా ఉంది. కోప్పడుతున్నానని అనుకోకు. ఫొటోలో ఉన్న గేటుని నీ థీసిస్‌లో ఎందుకు వదిలేశావా అని బాధ.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్తాను. అత్తయ్యకి కూడా సగమే తెలుసు.

మా నాన్న, అంటే మీ తాతయ్య, రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము ఆట కళ్లారా చూసినవాడు. 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ వాళ్లదే. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినా, 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచినా కోచ్ ఆయనే. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ జకార్తా టీములో ఆడాడు. ఆ సంబరంలోనే తాతయ్యా, నలుగురు దోస్తులూ కలిసి రైల్వే క్వార్టర్ల వెనక బస్తీ పిల్లల కోసం ఒక క్లబ్బు పెట్టారు. ఆకుపచ్చ జెర్సీలు. ఒకాయన దగ్గర ఏడాదికింతని కౌలుకి తీసుకున్న గ్రౌండు. కౌలు కాగితం క్లబ్బు పేరు మీద ఉండేది. లైన్లు వేయడానికి ఒక ముసలాయన ఉండేవాడు, పిల్లలు సున్నం తాత అని పిలిచేవాళ్లు. డాల్డా డబ్బాకి మేకుతో చిల్లులు పొడిచి, అందులో సున్నం పోసి, కట్టిన తాడు వెంట చిన్నగా తడుతూ నడిచేవాడు. ఆ గీత మీద ఎవరైనా కాలు పెడితే తిట్లే తిట్లు.

1991లో సెక్రెటరీ బాధ్యత నా నెత్తిన పడింది. ఎప్పుడు చూసినా డబ్బుకి కటకటే. మూడేళ్లు లాక్కొచ్చాను. అప్పుడొకాయన వచ్చాడు. పేరెందుకులే. స్థలాల వ్యాపారం. ఇరవై రెండు జతల బూట్లు, కొత్త జెర్సీలు, బయట ఊళ్లకు వెళ్లడానికి బస్సు, అన్నీ నేనే చూసుకుంటానన్నాడు. క్లబ్బు తన చేతికిస్తే చాలన్నాడు. ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్ తాగుతూ, స్టాంపు పేపర్ల మీద సంతకం పెట్టాను. నాలుగు పేజీలున్నాయి. మొదటి పేజీ చదివాను, చివరి పేజీలో సంతకం చేశాను. ఆయన ఎవరు, డబ్బు ఎక్కడిది, ఇంతకు ముందు ఏమేం చేశాడు, ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. బూట్లు చూసి మురిసిపోయాను.

మొదట జెర్సీ రంగు మారింది, ఆయన కంపెనీ రంగులోకి. పోనీలే, రంగేగా అనుకున్నాను. రెండో ఏడు ఒక ఆదివారం పొద్దున్న సున్నం తాత డబ్బా పట్టుకుని వెళ్లేసరికి గ్రౌండుకి రేకుల కంచె, గేటుకి తాళం. కౌలు హక్కు ఆయన పేరు మీదికి ఎప్పుడో మారిపోయింది, నేను చదవని మూడో పేజీ వల్ల. తాత ఆ డబ్బా అక్కడే గేటు ముందు పెట్టి మా ఇంటికొచ్చాడు. "అయ్యా, ఇయ్యాల గీతలెక్కడ గియ్యాలె?" అని అడిగాడు. నాకు ఇప్పటికీ ఆ మాట వినబడుతుంది అమ్ములూ. అక్కడిప్పుడు ఫంక్షన్ హాలుంది. ఆ హాల్లో జరిగే పెళ్లిళ్లకి నేను రానని మీ అమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో నీకు తెలుసు. కారణం ఇదీ.

అక్కడితో ఆగలేదు నా తెలివి. గ్రౌండు తిరిగి ఇప్పించమని ఒక నాయకుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన గ్రౌండైతే ఇప్పించలేదు. ఇంకో చోట ఆడుకోండని మాటిచ్చి, క్లబ్బుకి తానే ప్రెసిడెంటయ్యాడు. మేనల్లుడిని మేనేజర్ని చేశాడు. శనివారం సాయంత్రం చీటీ వచ్చేది, రేపు ఫలానా వాణ్ణి ఆడించమని. మంచి గోల్‌కీపరు ఒకడుండేవాడు, వాడు మూడు ఆదివారాలు బెంచీ మీద కూర్చుని నాలుగో ఆదివారం రాలేదు. ఒక్కొక్కడే వెళ్లిపోయారు. క్లబ్బు మూతపడ్డ రోజు తాతయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

అందుకే సర్కారంటే నీకున్న అనుమానం నాకు తెలియనిది కాదు. ఒకసారి డబ్బున్నవాణ్ణి ఏమీ అడగకుండా నమ్మాను, రెండోసారి అధికారం ఉన్నవాడికి హద్దులేమీ పెట్టకుండా అప్పజెప్పాను. రెండూ నా తప్పులే. నువ్వు రెండో తప్పుకి భయపడి మొదటి తప్పుని వెనకేసుకొస్తున్నావు. నా గోల అదీ.

ఇంగ్లండులో చేసిన చట్టం సంగతి చూడు. నేను పేపర్లో చదివినంత చెప్తాను, నువ్వు సరిదిద్దు. 2021 ఏప్రిల్లో ఆరు పెద్ద క్లబ్బులు యూరోపియన్ సూపర్ లీగు పెట్టుకుంటామని బయల్దేరితే, అభిమానులు రోడ్లెక్కారు. ట్రేసీ క్రౌచ్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది, ఆ నవంబర్లో నివేదిక వచ్చింది. ఒక పార్టీ ప్రభుత్వం బిల్లు పెడితే ఎన్నికలొచ్చి అది పడిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం, ఎదుటి పార్టీదే, మళ్లీ పెట్టింది. 2025 జూలైలో చట్టమైంది. పై ఐదు డివిజన్లలో ఉన్న 116 క్లబ్బులకీ ఒక నియంత్రణ సంస్థ. క్లబ్బు నడవాలంటే లైసెన్సు ఉండాలి. కొనేవాడి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, అతను యోగ్యుడో కాదో ముందే చూస్తారు. గ్రౌండు అమ్మాలన్నా, వేరే చోటికి తరలించాలన్నా అనుమతి కావాలి. జెర్సీ రంగు, చిహ్నం మార్చాలంటే అభిమానుల్లో ఎక్కువమంది సరేననాలి. సూపర్ లీగు లాంటివాటిలోకి వెళ్లనివ్వరు. ఇందులో ఎక్కడైనా గోల్‌కీపరు ఎవరో చెప్పే అధికారం ఉందా? చీటీ పంపే వీలుందా? లేదు కదా.

మన ఇళ్లలో పిల్లనివ్వాలంటే అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తారు. నీ పెళ్లికి కూడా చూస్తాం, మూతి ముడవకు. ఒక ఊరు నూటముప్ఫై ఏళ్లు పెంచుకున్నదాన్ని ఇచ్చేటప్పుడు ఆ మాత్రం ఆరా తీయడం తప్పా?

లీగే చూసుకుంటుంది కదా అన్నావు. ఎలా చూస్తుంది? ప్రీమియర్ లీగంటే ఆ 20 క్లబ్బులే వాటాదారులుగా ఉన్న కంపెనీ. కొత్తగా వచ్చేవాణ్ణి పరీక్షించే నియమాలు పెట్టేది పాత ఓనర్లే. రేపు తామూ ఎవరికో అమ్ముకోవాల్సిన వాళ్లు పరీక్షని కష్టంగా ఎందుకు పెడతారు? అది మనుషుల స్వభావం, వాళ్లని తిట్టి లాభం లేదు. జర్మనీలో సభ్యుల చేతిలో సగం కన్నా ఎక్కువ ఓట్లుండాలన్న నియమం ఫుట్‌బాల్ వాళ్లే పెట్టుకున్నారు, ప్రభుత్వం పెట్టలేదు అని రాశావు. నిజం. ఆ మాట బాగా పట్టుకున్నావు, మెచ్చుకుంటున్నాను. కానీ అక్కడ క్లబ్బులు మొదటి నుంచీ సభ్యుల సంఘాలు. చేతిలో ఉన్నదాన్ని జారిపోకుండా పట్టుకున్నారు వాళ్లు. ఇంగ్లండులో ఎప్పుడో అమ్మేసుకున్నారు. అమ్మేసినదాని మీద ఊరికి ఏ కాస్త హక్కు రావాలన్నా చట్టం తప్ప దారేముంది?

చట్టం వచ్చింది కాబట్టి అంతా బాగుందని నేననను. అక్టోబర్లో షెఫీల్డ్ వెన్స్‌డే దివాలా పాలనలోకి వెళ్లి 12 పాయింట్లు పోగొట్టుకుంది. 1867లో పుట్టిన క్లబ్బది! కొత్త సంస్థ చేతికి అధికారాలన్నీ ఇంకా రాలేదు. ఇంకొకటి నాకు అసలు నచ్చలేదు. ఆ సంస్థకి ఛైర్మన్‌గా వేసిన డేవిడ్ కోగన్, ఆయన్ని ఎంపిక చేసిన మంత్రి పార్టీ నాయకత్వానికి పోటీచేసినప్పుడు చందా ఇచ్చాడట. ఆ సంగతి మంత్రి ముందే చెప్పలేదు. తప్పు బయటపడి పోయిన నెల క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. చిన్న మొత్తమే. అయినా కంచె వేసేటప్పుడే అది చేను మేసేది కాకుండా చూసుకోవద్దూ? నీ థీసిస్‌లో అడగాల్సింది ఇలాంటివి. ఆ ఛైర్మన్‌ని ఎవరు వేయాలి, ఎన్నేళ్లు ఉంచాలి, ఎవరు తీసేయగలరు? దీన్ని గట్టిగా పట్టుకుంటే నీ అనుమానానికీ బలం వస్తుంది, నా బాధకీ జవాబు దొరుకుతుంది.

మన దేశం సంగతికి వస్తాను. 2022 ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్ని సస్పెండ్ చేసిందని, అంటే ప్రభుత్వాలు దూరంగా ఉండాలని రాశావు. కాస్త నిదానించి చూడు. ప్రెసిడెంటు పదవీకాలం 2020 డిసెంబర్లోనే అయిపోయినా ఎన్నికలు జరగలేదు. సుప్రీంకోర్టు ఆయన్ని దింపి ఒక కమిటీకి పగ్గాలిచ్చింది. బయటివాళ్ల పెత్తనమని ఫిఫా వేటు వేసింది. పది పన్నెండు రోజుల్లో ఎత్తేసింది కూడా. కానీ ఆ కొద్ది రోజుల్లోనే గోకులం కేరళ ఆడపిల్లలు ఆసియా క్లబ్బు పోటీలకని తాష్కెంట్ వెళ్లి, బంతి ముట్టకుండా తిరిగొచ్చారు. పెద్దలు కుర్చీల కోసం కొట్టుకుంటే పిల్లలకి పడింది దెబ్బ. అక్కడ ఫిఫాకి కోపం తెప్పించింది కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న తగాదా. క్లబ్బు కొనేవాడి లెక్కలు చూడటం వేరు, ఫెడరేషన్ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టడం వేరు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేశావు నువ్వు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఫెడరేషన్‌కి కొత్త నియమావళి రాసే పని మన చీరాల ఆయన, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు చేతికొచ్చింది. ఒకప్పుడు ఆంధ్ర తరఫున రంజీ క్రికెట్ ఆడినవాడు. ఈ సెప్టెంబర్లో సుప్రీంకోర్టులో దాన్ని ఆమోదించిన బెంచీలో మన హైదరాబాద్ ఆయన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. ఆగస్టులో పార్లమెంటు క్రీడా పాలన చట్టం చేసింది. చదివి సంతోషించాను. మొత్తం తిరగేసి చూస్తే ఎన్నికలు, వయసులు, పదవీకాలాలు, వివాదాలకో ట్రిబ్యునల్. అన్నీ ఫెడరేషన్ల గురించే. ఒక క్లబ్బుని ఎవడు కొనొచ్చు, ఊరు దాటించొచ్చా అన్న ప్రశ్నకి జవాబెక్కడ?

మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి నీకు గుర్తుందా? 2022 మార్చి 20 రాత్రి, మన దేశపు పై లీగు ఫైనల్, మీ ఇంట్లో టీవీ ముందు అందరం. కేరళ వాళ్లు ముందు గోల్ కొట్టేసరికి మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన దెబ్బకి సమం. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. నువ్వు సోఫా ఎక్కి గెంతావు. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే ఆడారు, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ లేకుండానే ఊరికి ఛాంపియన్ పట్టం తెచ్చారు. రెండేళ్లు తిరక్కుండా జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఉన్న మనవాళ్లలో చాలామంది బ్యాగులు సర్దుకున్నారు. 2023-24లో 22 మ్యాచులు ఆడి ఒక్కటే గెలిచారు. నేను ఆ చలికాలం రెండుసార్లు గచ్చిబౌలి వెళ్లాను. కుర్చీలన్నీ ఖాళీ. చిన్న చిన్న కుర్రాళ్లు, ఓడిపోతామని తెలిసీ చివరి నిమిషం దాకా పరుగెత్తుతున్నారు. ఒక మూల డెక్కన్ లెజియన్ కుర్రాళ్లు కొద్దిమంది డోలు వాయిస్తూనే ఉన్నారు. తర్వాత కొత్త ఓనర్లు కొన్నారు. ఈ ఏడాది క్లబ్బుని ఢిల్లీ తీసుకెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. వాళ్లు చట్టం మీరలేదు. ఆ డోలు వాయించిన పిల్లల్ని ఒక్క మాట అడగమని చెప్పే చట్టమే లేదు. వింబుల్డన్ క్లబ్బుని మిల్టన్ కీన్స్‌కి పట్టుకుపోతే ఇంగ్లండు వాళ్లు ఇరవై ఏళ్లు మర్చిపోలేదు, ఆ గాయం వాళ్ల చట్టంలోకి ఎక్కింది. మన దగ్గర పేపర్లో ఒక మూల వార్త అయింది, అంతే. శ్రీనిధి దక్కన్ వాళ్లు ఐ-లీగులో ఉన్నారు, వాళ్లు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. కానీ పై లీగులో రహీం సాబ్ ఊరి పేరు లేదు. ఈ ఏడాది ఆ లీగే ఇంకా మొదలు కాలేదనుకో. ఫెడరేషన్‌కీ, లీగు నడిపే కంపెనీకీ మధ్య పదిహేనేళ్ల ఒప్పందం ఈ నెల 8న ముగిసింది. టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. ఆటగాళ్లు ఇళ్లలో కూర్చున్నారు.

ఇక నీ ఉద్యోగం. చేరు. వద్దని అనను, ఆ తెలివి ఉన్నవాళ్లు ఆ కుర్చీల్లో ఉండటమే మంచిది. కానీ నేను చదవని మూడో పేజీ నువ్వు చదవాలి. డబ్బెవరిది? అది ఆగిపోతే తర్వాత ఏమిటి? గ్రౌండు ఎవరి పేరు మీద ఉంది? రేపు ఆయనకి మోజు తీరిపోతే జీతాలు ఎవరిస్తారు? ఇవి అడగొద్దని చెప్పిన రోజున బ్యాగు సర్దుకుని బయటికొచ్చేయ్. రెండు మూడు నెలలు జీతం లేకపోతే మామయ్య లేడా?

నీకు దగ్గర్లోనే ఉంది బ్లాక్‌బర్న్, ఒక ఆదివారం వెళ్లి రా. 1995లో ప్రీమియర్ లీగు గెలిచిన క్లబ్బు. కోళ్ల ఫారాలున్న ప్రతి ఊళ్లో మనవాళ్లకి తెలిసిన పేరే, వెంకీస్ వాళ్లు, 2010 నవంబర్లో కొన్నారు. నెల తిరిగేసరికి మేనేజర్ని పంపేశారు, 2012లో క్లబ్బు కింది డివిజన్‌కి పడింది. ఆ రోజు అభిమానులు కడుపు మండి క్లబ్బు జెండా కప్పిన కోడిని గ్రౌండులోకి వదిలారు. వాళ్ల మీద కూడా ఒకవైపే చూడకు. పదిహేనేళ్లుగా నష్టాలు భరిస్తూ డబ్బు పోస్తూనే ఉన్నారు, వదిలేసి పోలేదు. కానీ ఇక్కడ వాళ్ల మీద దర్యాప్తు నడుస్తుంటే, 2023లో అక్కడికి డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. లాంకషైర్‌లో టికెట్టు కొనుక్కుని కూర్చునే ముసలాయనకి ఆ వాయిదా తేదీ తెలుస్తుందా? మంచివాడైన ఓనరుకి కూడా ఇలాంటివి జరుగుతాయి. అందుకే డబ్బు ఏ దారిన వస్తుందో ముందే చూడమనేది. అది ఓనర్ని అవమానించడం ఎలా అవుతుంది?

ఎక్కువ తిట్టానేమో. మీ అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించకు, తాతయ్య క్లబ్బు సంగతి నేనే చెప్తాను, ఈ సంక్రాంతికి. థీసిస్ మార్చమని బలవంతం లేదు. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో వివరంగా రాయి, కూర్చుని చదువుతాను. నీతో ఇలా వాదించుకోవడం నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు.

ట్రంకు పెట్టె ఇంకా అటక మీదే ఉంది. మొన్న దింపించాను. మెంబర్ల రిజిస్టరు, రెండు షీల్డులు, తాతయ్య వేసుకున్న ఆకుపచ్చ జెర్సీ ఒకటి, చెదలు పట్టకుండా బానే ఉన్నాయి. సున్నం తాత డబ్బా కూడా అందులోనే ఉంది, ఆ రోజు నేను గేటు దగ్గర్నుంచి తెచ్చి దాచాను. అది పై అంతస్తు పిల్లాడికి చూపిస్తే, చిల్లుల్లోంచి కన్ను పెట్టి చూసి, "దీంతో గీతలు తిన్నగా వస్తాయా తాతయ్యా?" అని అడిగాడు. ఆదివారం పరేడ్ గ్రౌండుకి తీసుకెళ్లి చూపిస్తానన్నాను. సున్నం కొనాలి.

శనివారం మ్యాచ్‌కి వెళ్తే టికెట్టు ముక్క పారేయకు, వచ్చేటప్పుడు పట్టుకురా. టోపీ పెట్టుకో.

ఇట్లు,
నీ మామయ్య